ఎర్రదారం గరిటె

నేను గరిటెను. పొందూరు మండలంలో ఒక ప్రభుత్వ బడి వంటగదిలో, మిగతా గరిటెలకు దూరంగా, పై మేకుకు వేలాడుతుంటాను. స్టీలు సామాన్ల కొట్టు నుంచి నన్ను ఇక్కడికి తేవడానికి ఒక కారణం ఉంది.

అంతకుముందు ఇక్కడ అన్నిటికీ ఒకటే గరిటె. కోడిగుడ్డు కూర కలిపిన గరిటె అలాగే పప్పులోకి వెళ్లేది. ఆ ఏడు మూడో తరగతిలో ఒక పాప చేరింది. వాళ్లమ్మ రాట్నం మీద ఖద్దరు నూలు వడుకుతుంది. చేర్చిన రోజే వంట చేసే ఆమెకు చెప్పింది: "అప్పా, మా గుంటకి గుడ్డు పడదు. తిన్నాదంటే మూతి వాసిపోతాది. ఎయ్యకు."

అప్ప మాట తప్పలేదు. పాప పళ్లెంలో గుడ్డు పడలేదు. గుడ్డు కూరలోంచి తీసిన గరిటెతో పప్పు పడిందంతే. నాలుగు ముద్దలు తినేసరికి పాప పెదవులు ఉబ్బాయి. మెడ మీద దద్దుర్లు లేచాయి. దగ్గు ఆగలేదు, గొంతు బొంగురుపోయింది. మాస్టారు ఆటోలో ఒళ్లో పడుకోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ తొడకు ఇంజెక్షన్ ఇచ్చారు. పాప బతికింది. మర్నాడే నన్ను కొన్నారు.

నన్ను చూడగానే తల్లి మొహం మాడిపోయింది. "మా గుంటకి ఏరే గరిటా మేడం? ఏరుగా కూకోబెడతారా?" అంది. ఆమె భయం ఉత్తిది కాదు. మన ఊళ్లలో వేరే గ్లాసు, వేరే పళ్లెం అంటే ఎవరిని దూరం పెట్టడానికో తరతరాలుగా తెలిసిన మనిషి ఆమె. పెద్ద మేడం ఆమె చెయ్యి పట్టుకుని, "వేరు చేసేది గరిటెనమ్మా, పాపని కాదు. బంతిలో స్నేహితుల మధ్యే కూర్చుంటుంది" అన్నారు. అన్నట్టే జరుగుతోంది. తల్లి మర్నాడు ఎర్ర నూలు పోగు తెచ్చి నా కాడ చివరి కంతకు తనే కట్టింది, తొందరలో ఎవరూ పొరబడకుండా.

వంట దించగానే గుడ్లు ఒలవకముందే పాప పప్పు, అన్నం మూత గిన్నెల్లోకి తీస్తారు. ఆ గిన్నెల్లో తప్ప నేను ఇంకెక్కడా మునగను. నన్ను సబ్బుతో తోముతారు. ఉత్తి వేడినీళ్లు పోస్తే అంటుకున్న గుడ్డు పూర్తిగా పోదు. పిల్లలూ తిన్నాక సబ్బుతోనే చేతులు కడుక్కోవాలి. శానిటైజర్ రాసుకుంటే క్రిములు చస్తాయేమో గాని, చేతికున్న గుడ్డు, వేరుశనగ అలాగే ఉంటాయి.

2020 జనవరిలో బడి భోజనం మెనూ మారినప్పటి నుంచి వారంలో ఐదు రోజులు గుడ్డు, మూడు రోజులు వేరుశనగ చిక్కీ పెడుతూ వచ్చారు. 2024లో ఈ భోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. వేల ఇళ్ల పిల్లలకు అది బలం. దాన్ని ఆపమని నేనెన్నడూ అనను. పడని ఒక్కరి సంగతి చూడమంటాను. కర్ణాటక బళ్లలో గుడ్డు తినని పిల్లలకు అరటిపండు ఇస్తారు. మా మేడం కూడా పాపకు అరటిపండు తెప్పిస్తున్నారు. వేరుశనగ పడని పిల్లలు చిక్కీతో పాటు పులిహోర పోపునూ చూసుకోవాలి. ప్యాకెట్ తినుబండారాల మీద గుడ్డు, పాలు, వేరుశనగ, సోయా, గోధుమ లాంటివి ఉంటే ఆ సంగతి రాయాలని 2020 నాటి ఆహార లేబుల్ నిబంధనలు చెబుతున్నాయి. ఆ చిన్న అక్షరాలు చదవాలి.

నా పక్క గోడకు డాక్టరు రాసిచ్చిన కాగితం ఉంది. పాప పేరు, పడనివి, అమ్మ ఫోను నంబరు, 108. ఒంటి మీద దద్దుర్లే అయితే అలర్జీ మందు ఇచ్చి కనిపెట్టుకుని ఉండాలి. ఊపిరి ఆడకపోయినా, గొంతు బిగిసినా, కళ్లు తిరిగి పడిపోతున్నా ఆ మందు పని చేసేదాకా ఆగకూడదు. వెంటనే అడ్రినలిన్ ఇంజెక్షన్ తొడ బయటి కండలోకి వెళ్లాలి. ఐదు నిమిషాలకూ తేరుకోకపోతే రెండో మోతాదు అవసరం కావచ్చు. పిల్లని పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టాలి, ఆయాసంగా ఉంటే కూర్చోనివ్వాలి. నడిపించకూడదు. తేరుకున్నాక కూడా కొన్ని గంటలు ఆసుపత్రిలోనే ఉంచాలి, మళ్లీ తిరగబెట్టవచ్చు. అమెరికాలో పెన్నులాంటి అడ్రినలిన్ సూది బళ్లలో సిద్ధంగా ఉంచుకోవడాన్ని ప్రోత్సహిస్తూ 2013లో చట్టం చేశారు. మన దగ్గర ఎక్కువగా కనిపించేది గాజు ఆంప్యూల్. పాప బరువును బట్టి మోతాదు డాక్టరు చెప్పాలి, నేర్చుకున్న మనిషి ఇవ్వాలి. అందుకే బడికీ ఆరోగ్య కేంద్రానికీ ముందే అవగాహన ఉండాలి.

ఇంత జాగ్రత్త చూసే అప్పకు వచ్చేది 2019లో పెంచిన 3,000 రూపాయల గౌరవ వేతనం. ఇలాంటి అప్పలకు ఎవరికి ఏం పడదో చాలాసార్లు చెప్పరు, చెప్పినా ఎందుకో వివరించరు. ముందు వాళ్లకు నేర్పండి. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే ప్రతి తల్లినీ, తండ్రినీ అడగండి: "మీ పిల్లకు ఏం పడదు?" చెప్పింది రాసి వంటగది గోడకు అంటించండి.