రాత్రిపూట ఆపిన బ్లోయర్

మా అపార్ట్‌మెంట్ సంఘానికి నేను కోశాధికారిగా ఉన్న ఏడాది మెయింటెనెన్స్ తగ్గిందని అందరూ మెచ్చుకున్నారు. ఎలా తగ్గించానో ఇప్పుడు చెప్పాలి. సెల్లార్‌లోని మురుగునీటి శుద్ధి ప్లాంటుకి (ఎస్టీపీకి) గాలి కొట్టే బ్లోయర్‌ను రాత్రి పదింటికి ఆపించి, పొద్దున ఆరింటికి వేయించాను. కరెంటు బిల్లు దిగింది. "గాలి అందకపోతే బ్యాక్టీరియా చచ్చిపోతది సార్, మళ్ల పెరగాలంటే వారాలు పడ్తది" అని ఆపరేటర్ కుర్రాడు రెండుసార్లు చెప్పాడు. నేను వినలేదు.

ఆ ఏడాదే, 2022 ఏప్రిల్‌లో, 111 జీవో ఆంక్షలు ఎత్తేస్తూ ఉత్తర్వులిచ్చారు. గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల చుట్టూ 84 ఊళ్లలో కట్టడాలకు 1996 నుంచి పగ్గం వేసిన జీవో అది. మంచిపనే జరిగిందని మా బావగారితో గట్టిగా వాదించాను. "ఇంటింటికీ ఎస్టీపీ ఉంటే చెరువుకేమవుతుంది బావగారూ?" అన్నాను. ఆ రాత్రీ మా బ్లోయర్ ఆగే ఉంది.

మా నీళ్లు వెనక చెరువులోకి పోతాయి. అలుగు దూకితే మూసీలోకి, అక్కణ్నుంచి వాడపల్లి దగ్గర కృష్ణలోకి. చెరువు మీద గుర్రపుడెక్క పరుచుకుని ఊదాపూలు పూస్తే, ఇంటికొచ్చిన చుట్టాలకు బాల్కనీలోంచి చూపించి మురిసిపోయాను. ఆ పచ్చదనానికి ఎరువు వేసింది మేమే. మన మలమూత్రాల్లోని నత్రజని, భాస్వరం చెరువులో పడితే చేనుకి యూరియా, డీఏపీ చల్లినట్టే. గాలి ఆడితేనే ఎస్టీపీలో అమ్మోనియా నైట్రేట్‌గా మారుతుంది. ఆ నైట్రేట్‌ను వదిలించుకోవడానికి ఇంకో దశ కావాలి, భాస్వరానికి వేరే శుద్ధి కావాలి. నేను మొదటి మెట్టునే పీకేశాను. ఇదంతా చేపలు చచ్చాకే చదివాను.

ఎండాకాలం ఒక తెల్లవారుజామున తేలాయవి. రాత్రంతా నాచూ బ్యాక్టీరియా నీళ్లలోని ఆక్సిజన్‌ను పీలుస్తూనే ఉంటాయి, ఎండ రాకముందు అది అడుగంటుతుంది. చెరువు పట్టుకున్న పెద్దాయన లుంగీ తడిసి మా గేటు దగ్గరికొచ్చాడు.

"పిల్ల పోసి ఏడు నెలలాయె సార్. మీ మోరీ నీళ్లేనా ఇవి?"

"మాకు ఎస్టీపీ ఉంది" అన్నాను.

ఆయన నమ్మాడు. పక్క అపార్ట్‌మెంట్ గేటు వైపు నడిచాడు.