రెండు స్టార్లు ఇచ్చినవాణ్ణి వదలొద్దు

అరకులో హోమ్‌స్టే పెట్టారు. గోడకు థింసా బొమ్మ వేయించారు, బొంగులో చికెన్ ఫొటో ఎక్కించారు. తొలి శీతాకాలంలోనే వచ్చిపడింది రివ్యూ: ‘గీజర్ పనిచెయ్యలేదు, దుప్పట్లు ముక్కవాసన. రెండు స్టార్లు.’ కంగారుపడకండి. ఈ రంగంలో తలపండినవాణ్ణి, చెప్పినట్టు చెయ్యండి.

జవాబు అర్ధరాత్రే రాసెయ్యాలి. ఎయిర్‌బీఎన్‌బీ 30 రోజులు గడువిస్తుంది గానీ అది పిరికివాళ్ల కోసం. తెల్లారితే కోపం చల్లారుతుంది, జవాబులో కారం తగ్గుతుంది. గీజర్ ఊసెత్తకండి. ‘చలి చూడ్డానికొచ్చి వేడినీళ్లు అడుగుతారేటండీ?’ అని మొదలుపెట్టి, వాళ్ల గదిలో దొరికిన ఖాళీ సీసాలు, భార్యాభర్తల గొడవ, ఫోన్ నంబరు అన్నీ రాసెయ్యండి. సొంత వివరాలు బయటపెట్టారని సైటువాళ్లు జవాబు తీసేస్తే మరీ మంచిది. నిజం నొక్కేశారని చెప్పుకోవచ్చు. మీ జవాబు చదివేది వెళ్లిపోయిన గెస్టు కాదనీ, రాబోయే వారం గది వెతుక్కుంటున్నవాడనీ కొందరు భయపెడతారు. చదవనివ్వండి. మనతో పెట్టుకుంటే ఏమవుతుందో వాడికీ తెలియాలిగా!

డిసెంబరు మంచులో ఉతికిన దుప్పటి ఓ పట్టాన ఆరదు. రెండో జత కొనమంటారు తెలివితక్కువవాళ్లు. దుప్పటికి డబ్బవుతుంది, తిట్టుకు కాదు.

లెక్కలు చెప్పేవాళ్లూ తగుల్తారు. తొమ్మిదిమంది ఐదేసి ఇచ్చి ఒకడు రెండిస్తే సగటు 4.7. సైటువాళ్లిచ్చే సూపర్‌హోస్ట్ హోదాకు 4.8 ఉండాలి. ఇంకో ఐదుగురు ఐదేసి ఇస్తే సరిగ్గా అక్కడికి చేరతారట. అంటే ఐదు కుటుంబాలకు వేడినీళ్లు కాచాలి. ఎంత శ్రమ! దానికంటే రెండు స్టార్లవాడికి సైటు చాట్‌లోనే మెసేజ్ పెట్టండి: ‘రివ్యూ తీసెయ్యండి, డబ్బు వెనక్కిస్తా.’ ఇది నిబంధనలకు విరుద్ధమే. అయితేనేం, సాక్ష్యం వాళ్ల దగ్గరే భద్రంగా ఉంటుంది.

పగ తీర్చుకోవడంలో మాత్రం ఓ చిక్కుంది. ఒకరి మీద ఒకరు రివ్యూ రాయడానికి మీకూ గెస్టుకూ 14 రోజులే గడువు. ఇద్దరూ రాసేదాకా, లేదా గడువు ముగిసేదాకా ఒకరిది ఒకరికి కనబడదు. కాబట్టి ముందుజాగ్రత్తగా ప్రతి గెస్టుకూ గేటు దాటగానే ఒక్క స్టారు కొట్టండి. ‘హోస్ట్ మీ గురించి రాశారు’ అని వాళ్లకు కబురు వెళ్తుంది. రాయడం మర్చిపోయినవాళ్లు కూడా గుర్తొచ్చి రాస్తారు.

బావమరిది చేత ‘భూతల స్వర్గం’ అని రాయించడం పాత చిట్కానే. ఆన్‌లైన్ రివ్యూలకు భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. బావమరిదికి ఆ సంగతి చెప్పకండి, జంకుతాడు.

ఇవన్నీ పాటించాక సంక్రాంతి సెలవుల్లోనూ గదులు ఖాళీగా ఉంటే, పక్క హోమ్‌స్టే మీద రివ్యూలు రాయడం మొదలుపెట్టండి. తీరిక మీకు బోలెడంత ఉంటుంది.