మొన లేని సూదిని

నేను సూదినే, కానీ నాకు మొన లేదు. జాకెట్టు కుట్టే సూది గుచ్చితేనే పని జరుగుతుంది. నాకా అవసరం లేదు. క్రాస్ స్టిచ్ వేసే మ్యాటీ గుడ్డకు నేతలోనే వరసగా రంధ్రాలుంటాయి. వాటిలోంచి నూలును చీల్చకుండా జారిపోవాలని నన్ను మొద్దుగానూ, పోగులు తేలిగ్గా ఎక్కాలని నా కన్ను పొడుగ్గానూ చేశారు. నా నంబరు 24.

నా కుట్టుకు పెద్ద చరిత్రే ఉంది. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో జేన్ బోస్టాక్ అనే ఆమె 1598లో కుట్టిన గుడ్డ ఉంది. ఆలిస్ లీ అనే పాప 1596 నవంబరు 23న పుట్టిందని అందులో దారంతో రాసి ఉంది. ఉక్రెయిన్‌లో వధూవరులు నిలబడే రుష్నిక్ అనే గుడ్డ మీదా, పాలస్తీనా పెళ్లికూతురి గౌను మీదా, మన పొరుగున ధార్వాడ కసూతిలో మెంతి కుట్టుగానూ కనిపించేది ఈ ఇంటూ గుర్తే. పెళ్లిళ్లకూ పేర్లకూ నేను కొత్త కాదు.

నన్ను చేతిలోకి తీసుకున్నావిడది రాజమండ్రి. ఆవిడ అక్క కూతురికి పెళ్లి కుదిరింది. జంట పేర్లు కుట్టి బహుమతిగా ఇవ్వాలనుకుంది.

"పేర్లు ఇంగ్లీషులో వేసెయ్. పుస్తకాల్లో అక్షరాలు సిద్ధంగా ఉంటాయిగా" అన్నారు భర్త.

"దాన్ని నేను పిలిచేది తెలుగులో కదండీ" అందావిడ.

అక్కడే అసలు పని మొదలైంది. గళ్లేమో చదరం, మన అక్షరాలేమో గుండ్రం. అమ్మాయి పేరు 'శ్రీ'తో మొదలవుతుంది. గ్రాఫ్ కాగితం మీద పది గళ్ల ఎత్తులో రాస్తే గుడిదీర్ఘం, వత్తు కలిసి ముద్దయ్యాయి. ఇరవై గళ్లిస్తే అక్షరం విచ్చుకుంది. వంపుల దగ్గర ముప్పావు కుట్టు, అంచు వెంట బ్యాక్ స్టిచ్ వేస్తే గుండ్రదనం వచ్చింది.

అమ్మాయికి పెరట్లో పారిజాతమంటే ఇష్టం. తెల్లగుడ్డ మీద తెల్లరేకులు కనిపించవని ఆవిడ లేత నీలం గుడ్డ తెచ్చింది. అబ్బాయి సంగతి తెలియక వాళ్లమ్మగారికి ఫోన్ చేసింది.

"వదినగారూ, అబ్బాయికి ఏమంటే ప్రాణం?"

"వాళ్ల తాతగారి సైకిలమ్మా. ఇప్పటికీ రోజూ తుడిచి పెట్టుకుంటాడు."

ఆ సైకిలు ఫొటో తెప్పించుకుని, డైనమో లైటుతో సహా గళ్లలోకి దించింది.

మొత్తం 140 గళ్ల వెడల్పు, 98 గళ్ల ఎత్తు. అంగుళానికి 14 గళ్లు కనుక బొమ్మ 10 అంగుళాలు, 7 అంగుళాలు. ఫ్రేము కోసం నాలుగువైపులా మూడేసి అంగుళాలు వదిలింది. గుడ్డను నాలుగు మడతలు పెట్టి, నడిమధ్య గడిలో నన్ను మొదట దింపింది. ఆరు పోగుల దారంలోంచి ఒక్క పోగు తీసి, సగానికి మడిచి నాకెక్కించింది. గుడ్డ వెనక మిగిలిన ఉచ్చులోంచి నన్ను పోనిస్తే ముడితో పని లేదు. ముడి ఉంటే అద్దం కింద బొడిపెలా తేలుతుంది. పైన పడే ఏటవాలు కుట్లన్నీ ఒకే వైపు వాలాలి. అప్పుడే వెలుతురు సమంగా పడి రంగు నిండుగా కనిపిస్తుంది.

లగ్నపత్రిక రాసుకున్నాకే తేదీ కుట్టింది. మూలన తన పేరులోని మొదటి అక్షరం, సంవత్సరం చిన్నగా వేసింది. రేపు మనవలు చూసినా ఎవరు కుట్టారో, ఎప్పుడు కుట్టారో తెలియాలి కదా! ఎరుపు రంగు వదులుతుందేమోనని, చన్నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించి, తువ్వాలు మీద బోర్లా వేసి ఇస్త్రీ చేసింది.

చదివింపుల రద్దీలో ఇవ్వకుండా, కొత్త జంట విందుకొచ్చినప్పుడు చేతికిచ్చింది. అమ్మాయి తన పేరు మీద వేలు నడిపింది. అబ్బాయి వంగి చూశాడు.

"అత్తయ్యగారూ, ఇది మా తాతగారి సైకిలు కదూ!"

కొట్లో కొన్న బహుమతి ఎవరింటికైనా సరిపోతుంది. ఇది ఈ ఇద్దరి ఇంటికి తప్ప మరెవరింటికీ సరిపోదు. అలాంటిది కుట్టాలంటే దారం కన్నా ముందు మనుషులను తెలుసుకోవాలి. ఆవిడ తెలుసుకుంది కాబట్టే నా ప్రతి గడికీ అర్థం వచ్చింది.