తొంభై శాతం ఇల్లు

"ఇల్లు ఎంతవరకొచ్చింది?"

"తొంభై శాతం అయిపోయిందండీ."

ఈ జవాబు నేను మొదటిసారి చెప్పింది నిరుడు ఉగాదికి. ఈ ఉగాదికీ అదే చెప్పాను. నడుమ వినాయకుడొచ్చి నిమజ్జనమయ్యాడు, బతుకమ్మ పూలు నీళ్ళలో కలిశాయి, సంక్రాంతికి గంగిరెద్దు గుమ్మం దాకా వచ్చింది. "ఇల్లు అయిపోయినట్టేనా బసవన్నా?" అని అడిగితే, గేటు లేని వాకిలి చూసి కూడా అలవాటుగా తలూపి వెళ్ళింది. ఇల్లు మాత్రం తొంభై దగ్గర చతికిలబడి లేవనంటోంది.

ఇందులో నేను ఒంటరివాణ్ణేం కాదు. హైదరాబాదు శివార్లలో ఎక్కడ నిలబడి రాయి విసిరినా తొంభై శాతం ఇంటి మీదే పడుతుంది. కిటికీలకు అద్దాలింకా బిగించలేదు కాబట్టి పగలడానికీ ఏమీ ఉండదు. నలభై మూడు, యాభై ఎనిమిది, డెబ్భై ఒకటి దగ్గరున్న ఇంటిని నేనింతవరకు చూడలేదు. పునాది తీసినప్పుడు "మొదలుపెట్టాం" అంటారు, పిల్లర్లు లేచినప్పుడు "నడుస్తోంది" అంటారు, శ్లాబు పడిన మర్నాడు తొంభై అంటారు. నడుమ అంకెల్ని లెక్కలోంచి తీసేసినట్టున్నారు.

మాది ముప్పైకి యాభై జాగా, 167 గజాలు. అనుమతికి పట్టిన సమయం చెబితే నమ్మరు. 2020లో తెచ్చిన టీఎస్-బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి అసలు అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే సరి. 600 గజాల లోపు, పది మీటర్ల ఎత్తు మించని ఇంటికి యజమాని సొంత పూచీ మీద అప్పటికప్పుడే అనుమతి. అక్కడే మేం మోసపోయాం. మిగతా పనులూ అదే వేగంతో నడుస్తాయనుకున్నాం.

తర్వాత తెలిసిందేమంటే, ఇంటికి లెక్కలు ఒకటి కాదు, మూడున్నాయి.

మొదటిది మేస్త్రి లెక్క. శ్లాబు పడితే ఆయన దృష్టిలో ఇల్లయిపోయినట్టే. "ఇంకేమున్నది సార్, తొంబై పర్సెంట్ అయిపాయె. గోడలు, ప్లాస్టరింగు, కరెంటు, నల్లాలు, బండలు, తలుపులు, రంగులు. గింతే." ఆ 'గింతే'లో ఒక ఇల్లు పడుతుంది.

రెండోది బ్యాంకు లెక్క. పునాది, లింటెల్, శ్లాబు, ప్లాస్టరింగు అంటూ మెట్టు మెట్టుకీ అప్పు విడుదల చేస్తుంది. వాళ్ళ ఇంజినీరు వచ్చి, నాలుగు మూలలా ఫొటోలు తీసుకుని, కాగితం మీద 62 అని రాసుకుపోయాడు. ఊరందరికీ నేను తొంభై అని చెప్పుకుంటున్న నెలలోనే. మా ఇంటి చరిత్రలో నమోదైన మొదటి నిజమైన అంకె అది. చుట్టాలకు చెప్పదగింది కాదు కాబట్టి దాచేశాం.

మూడోది మా ఆవిడ లెక్క. దాని సంగతి తర్వాత.

శ్లాబు రోజు మా వీధిని చూడాల్సింది. తెల్లారకుండానే మిల్లరు దిగింది, కొబ్బరికాయ పగిలింది, చువ్వలకు పసుపుకుంకుమలంటాయి, మధ్యాహ్నం కూలీలందరికీ బిర్యానీ. సాయంత్రానికి కుటుంబం వాట్సాప్ గ్రూపులో నలభై ఏడు నమస్కారాలు పడ్డాయి. మర్నాటి నుంచి మొదలైంది అసలు పని, అంటే శ్లాబును కదిలించకుండా నీళ్ళు పట్టడం. కాంక్రీటు ఎండకు ఆరి గట్టిపడదు, నీళ్ళు తాగి గట్టిపడుతుంది. మామూలు సిమెంటైతే కనీసం 7 రోజులు, బూడిద కలిసిన సిమెంటైతే కనీసం 10 రోజులు తడి ఆరనివ్వొద్దంటుంది ఐఎస్ 456 ప్రమాణం. మన బస్తాల్లో ఎక్కువగా వచ్చేది రెండో రకమే. నాలుగున్నర మీటర్ల నిడివి దాటిన శ్లాబు కింద జాకీలను 14 రోజుల దాకా తియ్యకూడదు. మా ఆవిడ శ్లాబు మీద మడులు కట్టించి, పొద్దునా సాయంత్రం స్కూటీ మీద వెళ్ళి నీళ్ళు నిలబెట్టింది. ఇంటి బలమంతా ఆ పది రోజుల్లోనే ఉంది. ఆ పది రోజులవి మా దగ్గర ఒక్క ఫొటో లేదు. నీళ్ళు నిలిచిన శ్లాబు ఫొటో గ్రూపులో పెడితే "అప్పుడే లీకేజీయా?" అని అడుగుతారు.

తొంభై శాతానికి పుట్టినిల్లు ముహూర్తం. జ్యేష్ఠం దాటితే ఆషాఢం. శ్రావణంలో మా ఇద్దరి నక్షత్రాలకూ పొసగదు. భాద్రపదం పనికిరాదు. ఇలా వేళ్ళ మీద లెక్కేసి సిద్ధాంతిగారు జ్యేష్ఠంలో ఒక తెల్లవారుజామున నాలుగూ ఇరవై ఆరుకు బిగించారు. అప్పటికి ఇంట్లో నీళ్ళు లేవు, కరెంటు లేదు, మెట్లకు రెయిలింగు లేదు. "గుమ్మం, పొయ్యి ఉంటే చాలమ్మా" అన్నారాయన. ఎంత ఉదారమైన జాబితా! బాత్‌రూము ఊసే లేదు. నిజానికి తలుపులు పెట్టని ఇంట్లో, కప్పు వెయ్యని ఇంట్లో ప్రవేశించకూడదని పాత ముహూర్త శాస్త్రమే అంటుంది. శాస్త్రంలో మనకు కుదరని ముక్కలు ఎప్పుడూ చిన్న అక్షరాల్లోనే ఉంటాయి. మూడు రోజుల ముందు వడ్రంగి సింహద్వారం ఒక్కటి బిగించాడు. మిగతా గదులకు షామియానావాడి పరదాలు కట్టాం.

ఇక ఆవు. హాల్లో అద్దంలా మెరిసే టైల్సు వేసి నాలుగు రోజులైంది, పైన ఇంకా సిమెంటు పొడి ఉంది. ఆవు ముందుకాలు లోపల పెట్టింది, గిట్ట జారింది, వెనక్కి తీసుకుంది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ జారింది. ఈసారి గుమ్మం బయటే నిలబడిపోయింది. తోలుకొచ్చినాయన "నడువే తల్లీ" అని బతిమాలుతున్నాడు, పంతులుగారు గడియారం చూస్తున్నారు, వీడియో తీసే కుర్రాడు "ఒక్కసారి ఇటు చూడమనండి" అంటున్నాడు. మా ఆవిడ పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని వెనక్కి వెళ్ళింది. అప్పుడెప్పుడో క్యూరింగుకు పిల్లర్లకు చుట్టి మూల పడేసిన గోనెపట్టాలు దులిపి తెచ్చి గుమ్మం నుంచి హాలు దాకా పరిచింది. ఆవు దర్జాగా నడిచొచ్చింది. ఆ రోజు వచ్చినవాళ్ళలో నేల ఎలా ఉందో చూసుకుని అడుగేసింది అదొక్కటే.

గట్టు కట్టని వంటింట్లో మూడు ఇటుకల పొయ్యి మీద, పక్కింటి నుంచి లాగిన వైరుకు వేలాడుతున్న బల్బు కింద, పాలు పొంగాయి. రెండొందల యాభై మంది చుట్టాలు ఇల్లు కలియదిరిగారు. "గాలి భలే వస్తోందోయ్" అని మెచ్చుకున్నారు. కిటికీలకు రెక్కల్లేవు, రాక ఏం చేస్తుంది? ఒక పెద్దావిడ మా ఆవిడ చెవిలో ఏదో అడిగింది. మా ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుని పక్కింటికి తీసుకెళ్ళింది. సాయంత్రం ఇంటికి తాళమేసి అద్దింటికి తిరిగొచ్చాం. మర్నాడు ఓనరుగారు కాఫీ తాగుతూ అడిగారు: "గృహప్రవేశం అయిందటగా, ఖాళీ ఎప్పుడు చేస్తున్నారు?" ఆయనకూ తొంభై శాతమనే చెప్పాను. ఆయన అద్దె పది శాతం పెంచారు. ఆ రెండూ కలిపితే వందైంది.

'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అన్నారు పెద్దలు. మేం 'కట్టి' దగ్గర కాస్త తొందరపడి, 'చూడు'ని ఊరందరికీ పంచిపెట్టాం.

గృహప్రవేశమైన ఇంట్లో పని నడవదు. తరిమే తేదీ ఉండదు మరి. పాలమూరు మేస్త్రి నాట్లకని ఊరెళ్ళాడు. టైల్సు వేసే రాజస్థాన్ కుర్రాళ్ళు హోలీకి వెళ్ళారు. సీలింగు పనివాళ్ళకు బిహార్లో ఛఠ్ పండగ. వాళ్ళనేం అనగలం? సొంతిళ్ళు వదిలి వచ్చి మన ఇల్లు కడుతున్నవాళ్ళు. "పదిహేను రోజుల్లో దిగిపోతున్నాం" అని అందరికీ వాగ్దానాలు చేసింది మనం.

ఈ ఖాళీలో ఇంట్లోకి ఇంటీరియర్ ప్రవేశిస్తుంది. డిజైనరమ్మాయి ల్యాప్‌టాప్‌లో త్రీడీ బొమ్మ చూపించింది. అందులో మా వంటిల్లు తళతళలాడుతోంది. గట్టు మీద గాజు గిన్నెలో నాలుగు పచ్చ యాపిళ్ళున్నాయి. ప్రెషర్ కుక్కరు లేదు, గ్రైండరు లేదు, ఆవకాయ జాడీ లేదు. "బియ్యం బస్తా ఎక్కడ పెట్టాలమ్మా?" అంది మా ఆవిడ. ఆ అమ్మాయి బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసింది. ఎటు తిప్పినా యాపిళ్ళే. "యుటిలిటీలో పెట్టుకోవచ్చు మేడమ్. అసలు కుకింగే అక్కడ చేసుకుంటే ఈ కిచెన్ నీట్‌గా ఉంటుంది." ఆరు లక్షల వంటింటికి మసి అంటకుండా, వెనక ఐదడుగుల సందులో కడప రాయి మీద వండుకోవాలన్నమాట. ముందు వంటిల్లు యాపిళ్ళకి.

అరల చెక్కకు వడ్రంగి "సెవెన్ టెన్ సార్, మెరైన్" అన్నాడు. ఐఎస్ 710 అంటే నీటికి ఓర్చుకునే ప్లైవుడ్. తీరా మా ఆవిడ షీటు తిప్పి ముద్ర చూస్తే 303 అని ఉంది, అది మామూలు రకం. పైన లామినేటు అంటించాక రెండూ ఒకలాగే ఉంటాయి, ఫొటోలో తేడా తెలీదు. సింకు కింద తేమకు చెక్క ఉబ్బినప్పుడు తెలుస్తుంది. హాల్లో ఫాల్స్ సీలింగుకు ముప్పై నాలుగు లైట్లు పెట్టారు, మేం దీపావళికి కూడా అన్ని దీపాలు వెలిగించం. ఫ్యాను కొక్కెం ఎక్కడో ఆ సీలింగు లోపల ఉండిపోయింది.

ఇప్పుడు మా ఆవిడ లెక్క. దానికి కావలసింది చెంబెడు నీళ్ళు. బాత్‌రూముల్లో టైల్సు పడ్డాయని మేస్త్రి పిలిస్తే వెళ్ళాం. నేను రంగు బాగుందన్నాను. తను చెంబుతో నీళ్ళు తెచ్చి గది మధ్యలో వొంచి, చీర అంచు పట్టుకుని గొంతుక్కూర్చుంది. నీళ్ళు ఒక క్షణం ఆలోచించుకుని, మూలనున్న జాలీని వదిలేసి, మెల్లగా తలుపు వైపు, అటు నుంచి పడకగది వైపు బయల్దేరాయి. వాటం లేదు. అడుక్కి ఒకటి రెండు నూళ్ళ వాలుంటే చాలు, నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఆ కాస్త వాలు పెట్టడానికి రసమట్టం, తాడు, ఒక పూట ఓపిక కావాలి. "వాడంగ వాడంగ సెట్టైతది మేడమ్" అన్నాడు మేస్త్రి. వాడే కొద్దీ నీళ్ళకు బుద్ధి వస్తుందని ఆయన నమ్మకం. మా ఆవిడకు ఆ నమ్మకం కలగలేదు. పగలగొట్టి మళ్ళీ వెయ్యమంది. ఆ రాత్రి కుటుంబం గ్రూపులో తనే రాసింది: "మన ఇల్లు తొంభై నుంచి ఎనభై రెండుకు వచ్చింది." ఒక్క నమస్కారం పడలేదు. మర్నాడు మా అమ్మ ఫోన్ చేసి, "మీ ఇద్దరూ బాగానే ఉన్నారా?" అని అడిగింది.

'అయిపోయింది' అనే మాటకు చట్టం దగ్గర మాత్రం గట్టి అర్థముంది. పూర్తయినట్టు ధ్రువపత్రం చూశాకే కరెంటు, నీళ్ళు, డ్రైనేజీ కనెక్షన్లు ఇవ్వాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. పాత పన్ను విధానంలో, అప్పు తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిశాక ఐదేళ్ళలో ఇల్లు పూర్తికాకపోతే, వడ్డీ మీద 2 లక్షల మినహాయింపు కాస్తా 30 వేలకు పడిపోతుంది. ఆ ఫారాల్లో తొంభై అని రాయడానికి గడి లేదు. అయిందా, కాలేదా, అంతే. పాలు పొంగిన వీడియోను జతచేసే సదుపాయం కూడా లేదు.

మొన్న తెనాలి నుంచి మా బాబాయి ఫోన్ చేశారు. నేను బయటికెళ్తే మా ఆవిడ ఎత్తింది.

"ఇల్లు ఎంతవరకొచ్చిందమ్మా?"

"రెండు బాత్‌రూముల్లో నీళ్ళు సరిగ్గా పోతున్నాయి, మూడోదాంట్లో ఇంకా నిలుస్తున్నాయి చినమావయ్యగారూ. సింకు కింద చెక్క మార్పించాను. సంపు నుంచి పైకి నీళ్ళు ఎక్కుతున్నాయి. ఫ్యాను కొక్కెం కోసం వెతుకుతున్నారు."

"అది కాదమ్మా, మొత్తం మీద ఎంత శాతం?"

"మీ ఇల్లు ఎంతవరకొచ్చింది?"

అవతల కాసేపు మాట లేదు. బాబాయివాళ్ళు ఆ ఇంట్లో దిగి పాతికేళ్ళు దాటింది. డాబా మీద ఆరు పిల్లర్ల చువ్వలు నాలుగేసి అడుగుల ఎత్తున తుప్పు పట్టి నిలబడి ఉంటాయి. కొడుకు కోసం వెయ్యబోయే పై అంతస్తుకు అవి. కొడుకు డల్లాస్‌లో ఇల్లు కొనుక్కున్నాడు. ఆ చువ్వలను కోయించడానికి పిన్ని ఒప్పుకోదు.

"పై వాటా ఒక్కటే ఉందమ్మా," అన్నారట చివరికి. "తొంభై శాతం అయిపోయినట్టే."

మా డాబా మీదా మేస్త్రి తొమ్మిది పిల్లర్లకు చువ్వలు వదిలాడు. పోయిన ఆదివారం మా ఆవిడ ఆ చువ్వలకు రెండు నైలాను తాళ్ళు బిగించి కట్టి, ఇల్లు కడిగిన పాత గుడ్డలు ఉతికి ఆరేసింది. మా ఇంట్లో నూటికి నూరు శాతం పూర్తయిన మొదటి పని అది.