నడుమ నడుమ మాట్లాడే ఆయన

నాకొక జబ్బుంది. మంచి పాట దొరికితే ఒక్కణ్ణే వినలేను. పక్కన ఎవరో ఒకరు కూర్చొని "ఆహా" అనాలి. అనకపోతే ఎందుకు అనాలో నేను వివరిస్తాను. వివరించినా అనకపోతే పాట మళ్ళీ మొదటి నుంచి పెడతాను. ఇంట్లో వాళ్ళు దీనికి అలవాటుపడ్డారనే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

బాసరలో గుడికి పోయే దారిలో మాకు పలకల దుకాణం ఉంది. అక్షరాభ్యాసానికి వచ్చే పిల్లలకు పలక, బలపం, పూలు అమ్ముతాం. ముందు దుకాణం, వెనక ఇల్లు. మా అక్క కొడుకు ఇక్కడి ట్రిపుల్ ఐటీలో చదువుతున్నాడు. హాస్టల్ తిండికి విసుగొచ్చినప్పుడల్లా మా ఇంటికి వస్తాడు. వాడే నా ఫోన్లో ఒక ఆల్బం ఎక్కించి, "మామా, రాత్రిపూట ఒక్కనివే కూసోని విను, నిమ్మళమైతది" అన్నాడు. అందులో "ఒక్కనివే" అన్న మాట నా చెవిదాకా రాలేదు.

ఆల్బం పేరు 'ఫర్ ఎమ్మా, ఫరెవర్ అగో'. బోన్ ఈవేర్ అనే పేరు పెట్టుకొని పాడినవాడు జస్టిన్ వెర్నన్ అనే అమెరికా పిలగాడు. బ్యాండు విడిపోయింది, ప్రేమించిన అమ్మాయి దూరమైంది, పైగా ఒంట్లో బాగా లేదు, కాలేయం దెబ్బతిన్నది. విస్కాన్సిన్ అడవిలో వాళ్ళ నాన్నకు వేటకు పోయినప్పుడు ఉండే కట్టెల ఇల్లొకటి ఉంది. 2006-07 చలికాలమంతా అందులో ఒంటరిగా ఉన్నాడు. కట్టెలు కొట్టుకున్నాడు, దుప్పి మాంసం వండుకున్నాడు, గిటారు మీటుతూ తన గొంతు మీద తన గొంతునే పేర్చుకుంటూ రికార్డు చేసుకున్నాడు. 9 పాటలు, 37 నిమిషాలు. 2007లో సొంతంగా 500 సీడీలు వేయించుకున్నాడు. 2008లో జాగ్‌జాగువార్ అనే చిన్న కంపెనీ దాన్ని విడుదల చేస్తే లోకమంతా పాకింది. 2012లో గ్రామీ వాళ్ళు పిలిచి 'ఉత్తమ కొత్త కళాకారుడు' అన్నారు. పెళ్ళయిన అయిదేళ్ళకు కొత్తల్లుడు అనే ఆచారం మా దగ్గరైతే లేదు.

మనిషి మొకం చూడబుద్ధిగాక అడవికి పోయినవాడు చేసిన పాటలవి. నేనేమో ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి వినిపించాను. అమ్మ బతుకమ్మ పాటల కోసం కొన్న స్పీకరును గుంజుకొని మరీ.

మొదటి శ్రోత అమ్మే. ఆమె ఎప్పుడూ ఒకే చోట దొరుకుతుంది. ఒడిలో చాట, చాటలో తునికాకు, జర్ద, దారం. కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది కాబట్టి ఆమెకు పాటైనా మాటైనా చేతి వేగానికి సరిపడాలి. కాసేపు విని, "పాడేది ఆడామెనా, మొగాయననా?" అంది. మొగాయనే, గొంతు కావాలనే సన్నగా పైకి ఎక్కిస్తాడు, దాన్ని ఫాల్సెటో అంటారు అని నేను అందుకున్నాను. "అమ్మవారి పసుపు జరంత నోట్లె ఏస్తే సాపైతది గదా" అంది. విగ్రహానికి పూసిన పసుపు తింటే వాక్కు వస్తుందని బాసరలో నమ్మకం. అమ్మ దాన్ని విస్కాన్సిన్ దాకా పంపేట్టుంది. కాలేయం సంగతి చెప్పాను. "నేలుసిరి దంచి తాపకపోయిండ్రా?" అంది. "గీ పాటకు చెయ్యి ఆడతలేదు కొడుకా. గిట్లయితే వెయ్యి బీడీలు ఎల్లుండికి గూడ కావు."

నాకు రోషమొచ్చింది. ఇది వాతావరణ సంగీతం, ఇందులో కథ వెతకొద్దు, మంచు కురుస్తున్న నిశ్శబ్దాన్ని వినాలి అని ఉపన్యాసం ఎత్తుకున్నాను. మేం మంచు చూడలేదు గానీ, పాత ఆదిలాబాద్ జిల్లా చలి తెలిసినవాళ్ళమే. జనవరి తెల్లవారుజామున తెలంగాణలో అందరికంటే ముందు వణికేది మేమే. అమ్మ కత్తెర ఆపకుండానే అంది: "మీ నాయిన జొన్నచేనుకాడ మంచె మీద పండుకున్ననాడు గిట్లనే సన్నగ రాగం తీస్తుండె."

"పందులు రాకుండనా?"

"పందులకు ఆయన రాగం అలవాటే. ఒక్కడుంటే భయమైతదని."

"మాటలు ఉండేవా అందులో?"

"భయమైనోనికి మాటలెక్కడ సుదరాయిస్తయిరా?"

అసలు విషయం ఇక్కడుంది. వెర్నన్ ముందు మాటల్లేకుండా ఊరికే రాగం తీసి, ఆ ధ్వనులకు సరిపోయే మాటలు తర్వాత వెతుక్కున్నాడట. అందుకే ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాళ్ళకు కూడా సగం అర్థం కాదు. ఈ సంగతి చివర్లో చెప్పి అందరినీ నోరు వెళ్ళబెట్టించాలని దాచుకున్నాను. అమ్మ బీడీ చుడుతూ చెప్పేసింది. అంత గొప్ప మాటకు నేనిచ్చిన జవాబు: "సరే తియ్యి, రెండో పాట విను."

మర్నాడు పొద్దున్నే దుకాణం తెరుస్తూ అదే పెట్టాను. పక్కింటాయన తువ్వాల భుజాన వేసుకొని గబగబా వచ్చాడు. "అవ్వ మంచిగనే ఉందా? ఏందో ఏడుపు రాగం ఇనబడ్డది, పోయిందనుకున్న" అన్నాడు. "ఇంక ఉన్న బిడ్డా" అని అమ్మ లోపలి నుంచి కేకేసింది.

నా బావమరిదికి డీజే బాక్సులున్నాయి. గణపతి నిమజ్జనమైనా, పెళ్ళి బరాతైనా వాడి బాక్సు మోగితే మా పలకలు అటక మీద గలగలమంటాయి. పూర్తిగా విని, "బావా, బేస్ ఏది?" అన్నాడు. ఇందులో ఖాళీయే బేస్ అన్నాను. (ఆ మాటకు అర్థం నాకూ తెలియదు, కానీ అనేటప్పుడు బాగుంది.) "గీ పాటకు బరాత్ నడిస్తే పెండ్లికొడుకు ఇంటికి చేరేసరికి పిల్లలు పుడతరు" అన్నాడు.

దుకాణంలో మాత్రం ఒక శ్రోత పూర్తిగా లొంగాడు. నాందేడ్ వైపు నుంచి వచ్చిన కుటుంబంలోని మూడేళ్ళ పిల్లవాడు రైలు దిగినప్పటి నుంచీ ఏడుస్తున్నాడట. మూడో పాట 'స్కిన్నీ లవ్' సగానికి వచ్చేసరికి నిద్రపోయాడు. నేను విజయగర్వంతో చూస్తుంటే వాళ్ళ తాత నా మీద లేచాడు. నిద్రపోయిన పిల్లవాడితో అక్షరాలు దిద్దించేదెట్లా? పలక కూడా కొనకుండా పక్క దుకాణానికి నడిచారు.

ఆదివారం మేనల్లుడు అభిప్రాయాలు కనుక్కోవడానికి వచ్చాడు. ఇలాంటిది మనకు కొత్త కాదని వాడికి పాఠం మొదలుపెట్టాను. సినిమాతో పని లేకుండా, నిదానంగా, ఒక్కరి కోసమే పాడినట్టుండే లలిత సంగీతం ఆకాశవాణిలో ఎంత వచ్చిందో, 'ఈ మాసపు పాట' కోసం రేడియో దగ్గర ఎట్లా కూర్చునేవాళ్ళో, బాలాంత్రపు రజనీకాంతరావు ఎంతటివాడో చెప్పుకుపోయాను. మాట తప్పు కాదు. కాకపోతే అప్పుడు ఆల్బంలో చివరి పాట నడుస్తోంది, అదేమో బాగా నెమ్మదైనది.

వాడు నన్ను వదిలి లోపలికి చూసి, "అత్తా, నీకెట్లనిపించింది?" అన్నాడు. మా ఆవిడను నేను అడగనేలేదు. వంటింట్లో ఉన్నదానికి విననట్టే లెక్క అనుకున్నాను. జొన్నరొట్టె తడుతూ ఆమె చెప్పింది: "పాటలు మంచిగనే ఉన్నయి అల్లుడా. వారం దినాల సంది ఇంటున్న. గని నడుమ నడుమ ఒకాయన మాట్లాడుతడు చూడు, ఆయన్ని తీసేసి ఎక్కియ్యరాదు?"

మేనల్లుడు స్పీకరు అత్త చేతికిచ్చి పోయాడు. అది ఇప్పుడు వంటింట్లో ఉప్పుడబ్బా పక్కన ఉంటుంది. పాట మధ్యలో నేను గడప దాటితే ఆమె అట్లకాడ చూపిస్తుంది.

కాబట్టి పాఠకులకు ఒక విన్నపం. పిల్లలతో బాసర వస్తే పలక మా దుకాణంలోనే కొనండి, ధర పక్కవాళ్ళ కంటే ఎక్కువేం కాదు. కొనేటప్పుడు నేను ఇయర్‌ఫోన్ తీసి "ఇది ఒక్కసారి వినండి" అంటే మాత్రం, నోట్లో అమ్మవారి పసుపు ఉందని సైగ చేసి గుడివైపు నడవండి.