రాని భక్తుడే ముద్దు

థీమ్ పార్కు లెక్కల్లో మనుషులు రెండే రకాలు. ఏడాది పాసు కొనేవాళ్లు కొందరు, ఒక్కరోజు టికెట్‌తో సరిపెట్టుకునేవాళ్లు మిగతా అందరూ. మొదటివారి మీద ప్రేమ ప్రకటనల్లో కనిపిస్తుంది, రెండోవారి మీద ప్రేమ బాలెన్స్ షీటులో కనిపిస్తుంది.

సింగపూర్ పడమటి కొసన ఉన్న తువాస్‌లో థీమ్ పార్కు లేదు. అక్కడున్నవి కార్ఖానాలు, షిప్‌యార్డులు, కొత్త ఓడరేవు, కార్మికుల డార్మిటరీలు. అంతంత ఎత్తు క్రేన్లున్నా ఎక్కడానికి ఎవరూ టికెట్ కొనరు. అయితే 1998లో తెరిచిన సెకండ్ లింక్ వంతెన ఇక్కడినుంచే జొహోర్‌కు దాటుతుంది. దాటిన కాసేపటికే, ఆసియాలో మొట్టమొదటిదిగా 2012 సెప్టెంబర్ 15న మొదలైన లెగోలాండ్ వస్తుంది. ఉన్నది మలేషియాలోనే అయినా దాని చూపు చాలావరకు వంతెన వైపే.

ఏడాది పాసు ధరను సాధారణంగా రెండు మూడు టికెట్ల ధరకు దగ్గరగా పెడతారు. నాలుగోసారి నుంచి అంతా లాభమేనని కొన్నవాడు మురిసిపోతాడు. రెండోసారికే బద్ధకిస్తాడని అమ్మినవాడు ధీమాగా ఉంటాడు. ఈ పందెంలో లెగోలాండ్‌కు అదనపు అండ ఒకటుంది. శనివారం పొద్దున కారులో బయల్దేరిన సింగపూర్ కుటుంబం ముందు తువాస్ చెక్‌పాయింట్ క్యూలో, తర్వాత అవతలి ఒడ్డు ఇమిగ్రేషన్ క్యూలో నిలబడ్డాకే పార్కు క్యూకు అర్హత సంపాదిస్తుంది. పాసుదారుల ఉత్సాహాన్ని అదుపులో పెట్టడానికి మిగతా పార్కులు సిబ్బందిని నియమించుకోవాలి. ఇక్కడ రెండు ప్రభుత్వాలు పార్కు దగ్గర పైసా పుచ్చుకోకుండా ఆ సేవ చేస్తున్నాయి.

చిక్కంతా నిజంగా వచ్చే పాసుదారుతోనే. మంచినీళ్ల సీసా, పులిహోర డబ్బా ఇంటినుంచే తెచ్చుకుంటాడు. ఏ రైడ్ ఏ వేళకు ఖాళీగా ఉంటుందో గేటు దగ్గరి కుర్రాడికంటే బాగా తెలుసు. టోపీ కొనడు, ఫొటో కొనడు. ఎప్పుడో ఒకసారి వచ్చినవాడు మళ్లీ వస్తామో రామో అన్న బెంగతో అన్నీ కొంటాడు. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌కు వస్తున్న జనం పాళ్లు తమకు అనుకూలంగా లేవని డిస్నీ 2022లో తన ఆర్థిక నివేదికలోనే రాసుకుంది. అభిమానం ఎక్కువైతే దాన్ని నష్టాల ఖాతాలో వేసే వ్యాపారం లోకంలో ఇంకెన్ని ఉన్నాయో!

దీనికి మందు మినహాయింపు తేదీలు. సెలవులకీ పండగలకీ చౌక పాసు చెల్లదు. తిరుమలలో తిరుపతి వాసుల దర్శనానికి నెలకో మంగళవారం కేటాయించినట్టు, పార్కులు కూడా పాత భక్తులకు రద్దీలేని రోజులు చూపిస్తాయి. డిస్నీ 2021లో ఇంకో మెట్టెక్కి, పాసున్నా ముందుగా రిజర్వేషన్ చేసుకోవాలంది. ఏ తేదీకీ మినహాయింపు లేదని అమ్మిన ఖరీదైన పాసుకు కూడా కొన్ని రోజులు చోటు దొరక్కపోవడంతో వ్యాజ్యం నడిచింది. చివరికి 95 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది.

క్యూ కూడా సరుకే. 1999లో డిస్నీ ఉచితంగా మొదలుపెట్టిన ఫాస్ట్‌పాస్ స్థానంలోకి 2021లో డబ్బు కట్టి ముందుకెళ్లే పద్ధతి వచ్చింది. సింగపూర్ సెంటోసా దీవిలోని యూనివర్సల్ స్టూడియోస్‌లో ఎక్స్‌ప్రెస్ పాసు చేసే పనీ అదే. టైము కరువైన కొత్తవాడు డబ్బిచ్చి ముందుకు పోతాడు, టైము పుష్కలంగా ఉన్న పాతవాడు వాడి వీపు చూస్తూ నిలబడతాడు.

లెగోలాండ్‌కు మాత్రం పాతవాళ్ల బెడద తనంతట తానే తీరుతుంది. ఆ పార్కు కట్టింది ప్రధానంగా రెండు నుంచి పన్నెండేళ్ల పిల్లల కోసం. పదమూడో పుట్టినరోజుతో పిల్లవాడి భక్తి ముగుస్తుంది, పాసుదారు తండ్రికి విముక్తి లభిస్తుంది.

ఈ రెండు రకాల్లోనూ చేరని సందర్శకుడు తువాస్ డార్మిటరీలో ఉంటాడు. షిప్‌యార్డులో పనిచేసే తెలుగు కుర్రాడు ఆదివారం తువాస్ లింక్‌లో రైలెక్కి, మధ్యలో మారి, సెంటోసా చేరతాడు. యూనివర్సల్ వాళ్ల తిరిగే భూగోళం టికెట్ గేటుకు బయటే ఉంది. దాని ముందు నిలబడి ఫొటో దిగి ఊళ్లో వాట్సాప్ గ్రూపులో పెడతాడు. టికెట్ కొనలేదు కాబట్టి సందర్శకుల లెక్కలోకి రాడు, పాసు లేదు కాబట్టి భక్తుడూ కాడు. పార్కుకు ఊరంతా ప్రచారం చేసిపెట్టినందుకు కమిషన్ కూడా అడగడు.