అంకెలపెట్టె సూత్రమునకు టీకా తాత్పర్యము

మూలము

పబ్లిక్ క్లాస్ అంకెలపెట్టె : టెక్స్ట్‌బాక్స్
{
ప్రొటెక్టెడ్ ఓవర్‌రైడ్ వాయిడ్ ఆన్‌కీప్రెస్(కీప్రెస్‌ఈవెంట్‌ఆర్గ్స్ మీట)
{
ఇఫ్ (!చార్.ఇజ్‌డిజిట్(మీట.కీచార్)) మీట.హ్యాండిల్డ్ = ట్రూ;
బేస్.ఆన్‌కీప్రెస్(మీట);
}
}

అవతారిక

విండోస్ ఫారమ్స్ అనునది 2002లో మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్‌తో పాటు వెలువరించిన, డెస్క్‌టాప్ ఫారములను కట్టు సామగ్రి. అందలి టెక్స్ట్‌బాక్స్, బటన్ మొదలగు సిద్ధవస్తువులకు కంట్రోళ్లని పేరు. టెక్స్ట్‌బాక్స్ ఏ అక్షరమునైనను స్వీకరించును గాన, పిన్‌కోడు గడిలో ‘తెలియదు’ అని నింపు గుమాస్తాను వారింపజాలదు. ప్రతి ఫారములోను అదే తనిఖీని మరల మరల వ్రాయుటకు మారుగా, ఉన్న కంట్రోలు నుండి క్రొత్తదానిని పుట్టించు పద్ధతియే ఇన్‌హెరిటెన్స్, అనగా వారసత్వము. దానికి ఈ సీ షార్ప్ శకలము ఉదాహరణము.

ప్రతిపదార్థము

పబ్లిక్ = ఎల్లరకు అందునట్టి; క్లాస్ = వస్తువుల నమూనా; అంకెలపెట్టె = ఆ పేరు గలది (సీ షార్ప్ తెలుగు లిపిలోని పేర్లను అంగీకరించును గాన ఇది దోషము కాదు); జంటచుక్క = ‘కు పుట్టిన’ అని అర్థము; ప్రొటెక్టెడ్ = తనకును తన సంతతికిని తప్ప ఇతరులకు అందని; ఓవర్‌రైడ్ = తండ్రి చేయు పనిని తన రీతిలో చేయునట్టి; వాయిడ్ = ఫలితమేదియు తిరిగి ఈయని; ఆన్‌కీప్రెస్ = మీట నొక్కినప్పుడు నడచు విధి. మిగిలినది సుగమము.

తాత్పర్యము

వచ్చిన అక్షరము అంకె కానిచో హ్యాండిల్డ్‌ను ట్రూ చేసి, అనగా ‘దీని పని ముగిసినది’ అని గుర్తు పెట్టి, అది గడిలోనికి పోకుండ ఆపి, పిమ్మట తండ్రి విధిని పిలుచు కంట్రోలు అని భావము. రంగు, ఫాంటు, కర్సరు, అన్‌డూ మొదలగునవి ఒక్క పంక్తియు వ్రాయకుండగనే సంక్రమించినవి. టెక్స్ట్‌బాక్స్ తన ప్రవర చెప్పుకొనవలసినచో టెక్స్ట్‌బాక్స్‌బేస్, కంట్రోల్, కాంపొనెంట్, మార్షల్‌బైరెఫ్‌ఆబ్జెక్ట్, ఆబ్జెక్ట్ అని ఐదు తరములు పైకి పోవలెను.

విశేషములు

బేస్ అను పిలుపును వ్యర్థమని తొలగింపరాదు. ‘మీట నొక్కిరి’ అని బయట వేచియున్న విధులకు చేయు చాటింపు, అనగా కీప్రెస్ ఈవెంటు, తండ్రి విధిలోనే జరుగును గాన, ఆ పిలుపు లేనిచో అవన్నియు ఏ దోషసూచనయు లేకుండ మూగపోవును. అది ముందుండవలెనా వెనుక నుండవలెనా అనుచో, చివర నున్నప్పుడు చాటింపు విన్న విధి యేదైనను హ్యాండిల్డ్‌ను మరల ఫాల్స్ చేసి నిషిద్ధాక్షరమును లోనికి పంపగలదు; మొదట నున్నప్పుడు కడపటి మాట అంకెలపెట్టెదే యగును. తనిఖీ కొరకే పుట్టిన కంట్రోలునకు మొదట నుండుటయే యుక్తము. సూత్రకారుడు చివర నుంచుట కేవలము అలవాటుచేతనని తోచును.

దోషవిచారము

బ్యాక్‌స్పేస్ కూడ కీప్రెస్‌గా వచ్చునది, అంకె కానిది; కావున తప్పు టైపు చేసినవాడు ఆ మీటతో దానిని చెరుపుకొనలేడు. చార్.ఇజ్‌కంట్రోల్ అను పరీక్షను చేర్చినచో ఈ చిక్కు తీరును. తెలుగువారికి మరియొక చిక్కు గలదు. ఇజ్‌డిజిట్ యూనికోడ్ అంకెలన్నిటిని గుర్తించును గాన ౧, ౨, ౩ లను సాదరముగ రానిచ్చును. ఆ పాఠ్యమును సంఖ్యగా మార్చు ఇంట్.పార్స్ మాత్రము 0 నుండి 9 వరకు గల వానినే యెరుగును గాన ఫార్మాట్‌ఎక్సెప్షన్ అను దోషమును లేవనెత్తును. అంకె యేది యను విషయముననే ఒకే సామగ్రిలోని రెండు విధులు ఏకీభవింపకుండుట వింత. 2022లో డాట్‌నెట్ 7తో వచ్చిన ఇజ్‌ఆస్కీడిజిట్ ఈ తగవును తీర్చినది.

ఇవి చిన్నవి; పెద్ద దోషము వేరొకటి గలదు. మౌసుతో కుడి నొక్కు నొక్కి మెనూ నుండి పేస్ట్ చేసినచో అక్షరములు మీటల మార్గమున రానే రావు. ఏలయన టెక్స్ట్‌బాక్స్ స్వతంత్రము కాదు. విండోస్‌లో అంతకు ముందునుండియు నున్న ఎడిట్ అను కంట్రోలునకు పైతొడుగు. పేస్ట్ అనునది డబ్ల్యుఎం_పేస్ట్ అను సందేశమై, వండ్‌ప్రాక్ అను సందేశవిధి గుండ ఎడిట్‌ను చేరును. దానిని అడ్డగింపదలచినచో వండ్‌ప్రాక్‌నే ఓవర్‌రైడ్ చేయవలెను. ఆన్‌పెయింట్‌ను ఓవర్‌రైడ్ చేసి టెక్స్ట్‌బాక్స్‌కు అందమైన అంచు గీయబోయినవారి విధి, యూజర్‌పెయింట్ శైలిని పెట్టనంతవరకు, ఒక్కసారియు పిలువబడకుండుటకును ఇదియే కారణము.

న్యూమరిక్‌అప్‌డౌన్ ఉండగా ఇంత శ్రమ యేల అని పూర్వపక్షము. అది విలువను సంఖ్యగా దాచును గాన, సున్నాతో మొదలగు ఓటీపీ తన సున్నాను కోల్పోవునని సమాధానము. ఎడిట్‌కే అంకెలను మాత్రము గైకొను ఈఎస్_నంబర్ అను శైలి యున్నది గదా, క్రియేట్‌పారమ్స్‌ను ఓవర్‌రైడ్ చేసి దానిని తగిలించిన చాలదా యనుచో, మూలములోని తనిఖీ అంతయు అనావశ్యకమగుట నిజమే. కాని పేస్ట్ అచ్చటను దూరగలదని మైక్రోసాఫ్ట్ పత్రములే హెచ్చరించుచున్నవి గాన, వండ్‌ప్రాక్‌లో దానిని అడ్డగించు పంక్తులు వ్రాయక తప్పదు.